జనరల్ కృష్ణారావు గారి మెడల్ గురించి ఒక దిద్దుబాటు

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక పిల్లల పేజీలో జనరల్ కె.వి. కృష్ణారావు గారి గురించి చిన్న వ్యాసం వేశారు. తెలుగువాడు ఆర్మీ చీఫ్ అయ్యాడని ఈ కాలం పిల్లలకు చెప్పినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అందులో ఒక్క వాక్యం మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. 1971 యుద్ధంలో చూపిన సాహసానికి ఆయనకు దేశంలోని పెద్ద శౌర్య పతకాల్లో ఒకటైన పరమ విశిష్ట సేవా పతకం వచ్చిందని రాశారు. పతకం వచ్చిన మాట నిజం. 1971 యుద్ధానికి వచ్చిన మాటా నిజం. కానీ అది శౌర్య పతకం కాదు.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అని మీకు అనిపించవచ్చు. కారణం చెబుతాను. మా వీధి చివరింటి కుర్రాడు ఎనిమిదో తరగతి. సాయంత్రం పూట నా దగ్గరికి వచ్చి కూర్చుంటాడు. నా పాత యూనిఫాం మీది రిబ్బన్లు చూసి ఇదేంటి, అదేంటి అని అడుగుతుంటాడు. ఏది దేనికి ఇస్తారో ఓపిగ్గా చెప్పాను. వాడూ శ్రద్ధగా నేర్చుకున్నాడు. మొన్న వాళ్ల బడిలో క్విజ్ పెట్టారు. కృష్ణారావు గారికి వచ్చిన శౌర్య పతకం ఏది అని ప్రశ్న. వాడు లేచి, "ఆయనకు వచ్చింది శౌర్య పతకం కాదండి, సేవా పతకం" అన్నాడు. తప్పన్నారు. వాదిస్తే మీ పేపర్ కటింగ్ తెచ్చి చూపించారు. బడి పేరు రాయను, ఆ మాష్టారిని తప్పుపట్టను కూడా. పేపర్లో పడ్డది ఆయన నమ్మారు, అంతే. కుర్రాడు మాత్రం మూడు రోజులు నా గడప తొక్కలేదు. నేను వాడికి తప్పు నేర్పానని వాడు అనుకుంటున్నాడేమోనని నాకు బాధగా ఉంది.

నేను సైన్యంలో క్లర్క్‌గా 24 ఏళ్లు పనిచేసి నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యాను. ఊళ్లో అందరూ నన్ను మిలిటరీ ఆయన అంటారు గానీ నా చేతిలో తుపాకీ కంటే ఎక్కువ కాలం ఉన్నది టైపు మిషనే. అందులో చాలా ఏళ్లు మెడల్స్ కాగితాలే చూశాను. ఎవరికి ఏ మెడల్ రావాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ప్రాంతంలో ఉన్నారు, అంచు మీద చెక్కే నంబరు, పేరు సరిపోయాయా లేదా అనేవి. ఒక్క అంకె తేడా పడితే ఆ మెడల్ ఇంకొకరిది అయిపోతుంది. అందుకే ఈ విషయంలో నాకు చాదస్తం ఎక్కువ. అది ఉండాల్సిన చాదస్తమే అని ఇప్పటికీ నమ్ముతాను.

విషయానికి వస్తాను. మన సైన్యంలో పతకాలు రెండు దారులు. శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. ఇవి సిపాయికైనా రావచ్చు, జనరల్‌కైనా రావచ్చు. రెండో దారి విశిష్ట సేవ. అందులో పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట అని మూడు మెట్లు. 1960లో ఇవి పుట్టినప్పుడు ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి విశిష్ట సేవా పతకాలు అనేవారు. 1967 జనవరిలో ఇప్పటి పేర్లు పెట్టారు. పరమ విశిష్ట సేవా మెడల్ రిబ్బన్ బంగారు పసుపు రంగు, మధ్యలో ఒక ముదురు నీలి గీత. అతి విశిష్టకు రెండు గీతలు, విశిష్టకు మూడు. పిల్లలకు ఇలా చెబితే చటుక్కున పట్టుకుంటారు: గీతలు తగ్గేకొద్దీ మెడల్ పెద్దది.

పేపర్లో తప్పు దొర్లడానికి ఒక కారణం నేను ఊహించగలను. ఛాతీ మీద ధరించే వరుసలో పరమ విశిష్ట సేవా మెడల్ మహావీర చక్ర కంటే ముందు ఉంటుంది. ఆ వరుస చూసినవాళ్లు ముందున్నది కాబట్టి ఇంకా పెద్ద సాహసం కాబోలు అనుకుంటారు. అది ధరించే వరుస మాత్రమే. రెండింటి జాతి వేరు. మా రోజుల్లో జవాన్లు కూడా దీని గురించి గొణుక్కునేవారు, ఆఫీసులో కూర్చున్నవాడి రిబ్బన్ బంకర్ మీద పడ్డవాడి రిబ్బన్‌కి ముందా అని. వాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది. కానీ 1971లో కృష్ణారావు గారు ఆఫీసులో కూర్చోలేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఆయన 1923లో పుట్టారు. 1942లో మహార్ రెజిమెంట్‌లో ఆఫీసరుగా చేరి బర్మాలో, తర్వాత 1947-48లో జమ్మూ కాశ్మీర్‌లో పనిచేశారు. 1971 నాటికి మేజర్ జనరల్. ఆయన చేతిలో ఉన్నది 8వ మౌంటెన్ డివిజన్. ఆ డివిజన్ అప్పటిదాకా నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటుదారులను ఎదుర్కొనే పనిలో ఉంది. అక్కడి నుంచి దించి, లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ గారి 4వ కోర్ కింద ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు పంపారు. కొండల్లో చిన్న చిన్న దళాలుగా తిరిగిన మనుషులను, వాగులు, టీ తోటలు, చిత్తడి నేలలు నిండిన మైదానంలో ఫిరంగులు ఉన్న సైన్యంతో యుద్ధానికి దింపడం అంటే మాటలు కాదు. యుద్ధంలో ఆయన చేతిలో ప్రధానంగా ఉన్నవి రెండు బ్రిగేడ్లు, 59వది, 81వది. ఒక్కో బ్రిగేడ్‌లో కొన్ని బెటాలియన్లు ఉంటాయి.

నవంబర్ 20 రాత్రి ఆట్‌గ్రామ్ దగ్గర 59వ బ్రిగేడ్‌లోని 4/5 గూర్ఖా రైఫిల్స్ అనే బెటాలియన్ శత్రువు మీద పడింది. ఖుక్రీలతో, అంటే గూర్ఖాల వంకర కత్తులతో చేసిన పోరు అది. డిసెంబర్ మొదటి వారంలో అదే బెటాలియన్ గాజీపూర్ పట్టుకుంది. అటు 81వ బ్రిగేడ్ షంషేర్‌నగర్ మీదుగా మౌల్వీబజార్ వైపు నడిచింది. సిల్హెట్ దాదాపు ఖాళీ అయిందని కబురు వచ్చింది. దాంతో సగత్ సింగ్ గారు డిసెంబర్ 7న గూర్ఖాలను హెలికాప్టర్లలో నేరుగా సిల్హెట్ దగ్గర దింపించారు. మన సైన్యం యుద్ధంలో హెలికాప్టర్లతో ఇలా దిగడం అదే మొదటిసారి. అప్పటికే రెండు పోరాటాల్లో మనుషులను పోగొట్టుకున్న ఒక బెటాలియన్, కొద్దిపాటి తిండి, తూటాలు. దిగాక తెలిసింది ఊరు ఖాళీగా లేదని. లోపల ఉన్నది ఒక బ్రిగేడ్. దానికి తోడు మౌల్వీబజార్‌లోని 313వ బ్రిగేడ్ కూడా వెనక్కి జరిగి సిల్హెట్‌లోకే వచ్చింది.

అక్కడి నుంచి తొమ్మిది రోజులు. గూర్ఖాల బ్రిగేడ్ ఒకటి దిగిందని రేడియోలో తప్పుడు వార్త వస్తే, శత్రువు దాన్ని నమ్మాడు. బెటాలియన్ కమాండర్ లెఫ్టినెంట్ కర్నల్ హరోలీకర్ గారు మనుషులను దూరదూరంగా పరచి, ఆ నమ్మకం చెదరకుండా చూశారు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. అది శౌర్యం. ఆ మాట అక్కడ వాడండి, నేను రెండు చేతులా దండం పెడతాను.

మరి డివిజన్ కమాండర్ చేసిందేమిటి? ఆయన ఖుక్రీ పట్టలేదు. హెలికాప్టర్ ఆలోచన కూడా ఆయనది కాదు, సగత్ సింగ్ గారిది. ఆయన పని వేరు. ముందు దిగిన ఒక బెటాలియన్ శత్రువు ఊరి అంచున ఇరుక్కుని ఉంది. మిగతా సైన్యం రోడ్డు మీద, నదుల మీద పోరాడుతూ అక్కడికి చేరాలి. ఏ రోడ్డున ఎంతమందిని పంపాలి, ఎవరిని ఆపాలి, ఫిరంగులు ఎటు తిరగాలి, గాయపడ్డవాళ్లు ఎటు వెళ్లాలి, రేపటి బియ్యం, తూటాలు ఏ పడవలో దాటాలి. తొందరపడితే రోడ్డు మీద జవాన్లు చస్తారు, ఆలస్యం చేస్తే సిల్హెట్‌లో గూర్ఖాలు చస్తారు. ఈ రెండింటి మధ్య రోజుకు పదిసార్లు నిర్ణయం తీసుకోవడం ఆయన పని. ఆ టెన్షన్ పక్కవాడికి కనిపించనివ్వకుండా ఉండడం కూడా ఆ పనిలో భాగమే.

చివరికి సిల్హెట్‌లో ముగ్గురు పాకిస్తానీ బ్రిగేడియర్లు, ఆరు వేల మందికి పైగా సైన్యం ఆ డివిజన్‌కు లొంగిపోయారు. ఇంకో సంగతి. మౌల్వీబజార్ బ్రిగేడ్ సిల్హెట్‌లోకి దూరి అక్కడే చిక్కుకుపోవడంతో, దక్షిణాన మేఘనా నది దాటి ఢాకా వైపు పోతున్న మన సైన్యానికి అడ్డుపడటానికి అది లేకుండా పోయింది. ఈ యుద్ధంలో చూపిన నాయకత్వానికి, పట్టుదలకు కృష్ణారావు గారికి పరమ విశిష్ట సేవా మెడల్ ఇచ్చారు. దీన్ని సాహసం అని ఒక్క మాటలో కలిపేస్తే హరోలీకర్ గారి గూర్ఖాలు చేసింది ఆయన ఖాతాలో పడుతుంది. ఆయన నిజంగా చేసింది ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతుంది. ఇద్దరికీ అన్యాయం.

జనరల్ స్థాయి మనిషికి శౌర్య పతకం రాదని కాదు. 1965లో 1వ ఆర్మర్డ్ డివిజన్‌ను నడిపిన మేజర్ జనరల్ రాజిందర్ సింగ్ స్పారో గారికి మహావీర చక్ర వచ్చింది, అదీ రెండోసారి. మొదటిది 1948లో జోజిలా కనుమ మీదికి ట్యాంకులు ఎక్కించినప్పటిది. కాబట్టి ప్రతి జనరల్‌కూ ఒకే మాట అచ్చు పోయకుండా, ఈయనకు ఏది వచ్చింది, దేనికి వచ్చింది అని చూసి రాయాలి.

ఇక్కడ నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న ఒక బాధ కూడా చెప్పుకోవాలి. కృష్ణారావు గారి రిబ్బన్ చూసి అది యుద్ధంలో వచ్చిందని ఎవరూ చెప్పలేరు. శాంతికాలంలో మంచి సేవ చేసి రిటైరయ్యే జనరల్‌కూ అదే పసుపు, అదే నీలి గీత. 1971లో యుద్ధ నాయకత్వానికి వేరే పతకం లేదు. ఆ తర్వాత 1980 జూన్‌లో యుద్ధ సేవా పతకాలు పెట్టారు, సర్వోత్తమ, ఉత్తమ, యుద్ధ సేవ అని మూడు మెట్లు. రిబ్బన్ అదే బంగారు పసుపు, గీత మాత్రం ఎరుపు. ఆ ఎర్ర గీత చూడగానే తెలుస్తుంది, ఈ మనిషి యుద్ధంలో సైన్యాన్ని నడిపాడని. 1999లో కార్గిల్‌లో టోలోలింగ్, టైగర్ హిల్ తిరిగి తీసుకున్నది ఏ డివిజన్ అనుకున్నారు? అదే 8వ మౌంటెన్ డివిజన్. అప్పుడు దాన్ని నడిపిన మేజర్ జనరల్ మొహిందర్ పురి గారికి ఉత్తమ యుద్ధ సేవా మెడల్ వచ్చింది, రెండు ఎర్ర గీతలు. ఒకే డివిజన్, ఒకే కుర్చీ, 28 ఏళ్ల తేడా. కార్గిల్ కమాండర్ రిబ్బన్ యుద్ధం పేరు చెబుతుంది. సిల్హెట్ కమాండర్ రిబ్బన్ చెప్పదు. అందుకే ఆ మాట పేపర్ చెప్పాలి. రిబ్బన్ చెప్పలేనిది అక్షరం చెప్పాలి.

2025 ఆగస్టులో ఆపరేషన్ సిందూర్‌కు గాను ఏడుగురు సీనియర్ అధికారులకు సర్వోత్తమ యుద్ధ సేవా మెడల్ ప్రకటించారు. అదే జాబితాలో కింది అధికారులకు, జవాన్లకు వీర చక్రలు ఉన్నాయి. అప్పుడు నేను చదివిన వార్తల్లో అన్నీ కలిపి శౌర్య పతకాలు అనే శీర్షిక కిందే వేశారు. అంటే ఈ పొరపాటు ఒక్క పిల్లల పేజీది కాదు, ఒక్క రోజుదీ కాదు.

మా నాన్నగారి సంగతి చెప్పకుండా ఉత్తరం ముగించలేను. మాది మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరికి దగ్గర్లోని పల్లె. ఆ గాలి సోకి మా నాన్నగారు కూడా సైన్యంలో చేరారు. 1971లో ఆయన సిగ్నల్స్‌లో లైన్‌మన్, ఈ డివిజన్‌లోనే. భుజాన తీగ చుట్ట వేసుకుని, ముందున్న బెటాలియన్ నుంచి వెనకున్న హెడ్‌క్వార్టర్‌కు టెలిఫోన్ తీగ పరుచుకుంటూ పోవడం పని. ఫిరంగి గుండు పడితే తీగ తెగుతుంది. చీకట్లో చేత్తో తడుముకుంటూ తెగినచోటు వెతికి ముడి వేసేవారట. మాటలు తక్కువ మనిషి. యుద్ధం గురించి అడిగితే జలగల గురించి చెప్పేవారు.

1981 జూన్‌లో కృష్ణారావు గారు ఆర్మీ చీఫ్ అయినప్పుడు నేను సర్వీసులో ఉన్నాను. సెలవు మీద ఇంటికి వస్తే నాన్నగారు పేపర్ దాచి ఉంచారు. అప్పటిదాకా ఆయనకు తెలియదు, తన డివిజన్ కమాండర్ తెలుగువాడని. "రావ్ సాబ్ అనేవాళ్లం. మరాఠీ అనుకున్నానురా" అన్నారు. ఆయన్ని చూశారా నాన్నా అని అడిగాను. "ఎప్పుడూ చూళ్లేదు. ఆయన మాట పోయే తీగ వేశాను" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పేపర్ కత్తిరించి ట్రంకుపెట్టెలో తన పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ పక్కన పెట్టుకున్నారు. పూర్వీ స్టార్ అంటే 1971 డిసెంబర్‌లో తూర్పు రంగంలో పనిచేసినవాళ్లకు ఇచ్చింది. అది శౌర్యానికీ కాదు, నాయకత్వానికీ కాదు. అక్కడ ఉన్నందుకు. నాన్నగారు దాన్ని ఎప్పుడూ అంతకంటే పెద్దదిగా చెప్పుకోలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా పొగడబోతే, "ఇది అందరికీ ఇచ్చిందేనండి" అని ఆపేసేవారు. మెడల్‌ను ఉన్నదున్నట్టు చెప్పడం నేను రికార్డు ఆఫీసులో నేర్చుకోలేదు, ఆయన దగ్గర నేర్చుకున్నాను.

కృష్ణారావు గారు 1983లో చీఫ్‌గా రిటైరయ్యారు. తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీర్‌కు గవర్నర్‌గా చేశారు. 2016 జనవరి 30న కన్నుమూశారు. అప్పటి పేపర్లలో గవర్నర్ పదవుల గురించే ఎక్కువ చదివాను. సిల్హెట్ అనే పేరు కోసం వెతికాను. వెతికి వెతికి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేశాను.

సంపాదకులు గారూ, నా విన్నపం ఇదీ. దిద్దుబాటును ఎక్కడో మూలన నాలుగు లైన్లలో వేయకుండా, అదే పిల్లల పేజీలో వేయండి. తప్పయిందని ఒక్క వాక్యం చాలు, మిగతా చోటంతా సిల్హెట్‌కు ఇవ్వండి. పటం వేసి కులౌరా, మౌల్వీబజార్, సిల్హెట్, సుర్మా నది చూపించండి. రెండు రిబ్బన్లు రంగుల్లో పక్కపక్కన వేయండి, నీలి గీతది, ఎర్ర గీతది. ఇక ముందు ఎవరి మెడల్ గురించి రాసినా పొడి అక్షరాలు వరుసగా పేర్చకుండా, ఏ సంవత్సరం, ఏ పనికి అన్నది ఒక్క వాక్యం రాయమని మీ విలేకరులకు చెప్పండి. ఇలాంటివి గెజిట్‌లో దొరుకుతాయి. అనుమానం ఉంటే మా జిల్లాలోనే మాజీ సైనికులు బోలెడుమంది ఉన్నాం, ఫోన్ చేయండి. నా నంబరు కవరు మీద రాశాను.

దిద్దుబాటు పడ్డ రోజు పేపర్ రెండు కాపీలు కొంటాను. ఒకటి నాన్నగారి ట్రంకుపెట్టెలోకి. రెండోది తీసుకుని ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వాళ్ల మాష్టారి దగ్గరికి వెళ్తాను. నిన్న సాయంత్రం వాడు మళ్లీ వచ్చాడు. ఏమీ అడగలేదు, గడప దగ్గర నిలబడ్డాడు. పూర్వీ స్టార్ తెచ్చి వాడి అరచేతిలో పెట్టాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నాయబ్ సుబేదార్,
తాడేపల్లిగూడెం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా